ఎవరు వేసిన గచ్చు

సండూరులో స్నేహితుడు ఇంద్రసేన ఇంటికి వెళ్లొచ్చిన ఆదివారం నుంచి సీతారామారావుకి తన కారు షెడ్డు కంట్లో నలుసైపోయింది. ఇంద్రసేనకి ఇనుప గనుల్లో లారీలు తిరుగుతాయి. ఆ దుమ్ముకి ఇంటి గోడలు, చెట్ల ఆకులు, చివరికి కుక్క కూడా ఎర్రగానే ఉంటాయి. అలాంటి ఇంట్లో కారు నిలిపే చోట మాత్రం నేల నిగనిగలాడుతోందట. "కారు కింద ఇంకో కారు తలకిందులుగా కనపడుతుంది పార్వతీ! ఎపాక్సీ అంటారు ఆ పూతని. నూనె పడనీ, దుమ్ము పడనీ, ఒక్క తుడుపు తుడిస్తే చాలు" అని అన్నం కలుపుకుంటూ మూడుసార్లు చెప్పాడు.

మూడోసారికి శివపార్వతి, "నేలలో మొహం చూసుకోడానికి ఇంట్లో అద్దాలకేం కరువొచ్చిందండీ?" అంది. నవ్వుతూనే అన్నా లోపల కలుక్కుమంది. ఎందుకంటే బళ్లారి సత్యనారాయణపేటలోని వాళ్ల ఇంట్లో కారు షెడ్డు పేరుకే కారు షెడ్డు. కారు వచ్చి మూడు నెలలే అయింది. దానికి ముందు ఆరేళ్ల నుంచీ అది శివపార్వతి కూర్చునే చోటు.

బళ్లారిలో కుట్టిన జీన్స్ ప్యాంట్లు ఎక్కడెక్కడికో వెళ్తాయి. వెళ్లేముందు వాటి ఒంటినిండా వేలాడే దారప్పోగుల్ని ఎవరో ఒకరు కత్తిరించాలి. హంపేశ్ అనే కుర్రాడు యూనిట్ నుంచి ఆటోలో మూటలు తెచ్చి దింపుతాడు. శివపార్వతి, మారెక్క, శరణమ్మ ముగ్గురూ కాళ్లు బార్లా చాపుకుని, ఒళ్లో ప్యాంటు పరుచుకుని, చిన్న కత్తెరలతో టిక్కు టిక్కుమని కత్తిరిస్తారు. నడుము పట్టీ దగ్గర రెండు పోగులు, జేబు మూలన ఒకటి, కాలి అంచున మూడు. చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతాయి, నోళ్లు వాటి పని. మొగుళ్లు, అత్తలు, ఊళ్లోవాళ్లు, ఎవరినీ వదలరు. ఆ ఇంట్లో శివపార్వతి గట్టిగా నవ్వే చోటు అదొక్కటే.

వేరే చోటు లేదు. మారెక్కది ఒంటిగది ఇల్లు. శరణమ్మ ఇంట్లో వెలుతురు రాదు, నల్లప్యాంటు మీద నల్లదారం వెతకాలంటే దీపం పట్టాలి. హాల్లో కూర్చుందామంటే జీన్స్ నీలం టైల్స్‌కి అంటుతుందని సీతారామారావు ఒప్పుకోడు. కారు వచ్చాక పగలు దాన్ని రోడ్డు మీద వేపచెట్టు కింద పెట్టి, సాయంత్రం లోపలికి తెచ్చేట్టు ఒప్పందం కుదిరింది. రోజూ పొద్దున్నే కారు బయటికి తీసేటప్పుడు ఆయన మొహం చూడాలి, చంటిబిడ్డని ఎండలో పడుకోబెడుతున్నట్టు ఉంటుంది.

సోమవారం నాడు ఈ పనులు చేసే మనిషొకడు వచ్చి షెడ్డు కొలిచాడు. ఏదో రేటు చెప్పాడు. సీతారామారావు కళ్లద్దాలు సర్దుకుని "సామాను కొనుక్కుని మనమే వేసుకోలేమా?" అని అడిగాడు. ఆ మనిషి నవ్వాడు. "మీ చేత కాదు సార్. సున్నం కొట్టినట్ల కాదు ఇది."

రేటు చెప్పి ఊరుకుంటే ఇంకో మనిషిని పిలిచేవాడేమో. ఆ నవ్వు పాడు చేసింది. "నా చేత కాదా?" అని మధ్యాహ్నమంతా గొణుక్కుని, ఫోనులో వీడియోల మీద వీడియోలు చూసి, సాయంత్రానికి సామాను తెప్పించడానికి ఆర్డరు పెట్టేశాడు.

బుధవారం పొద్దున పెట్టె దిగింది. అందులో రెండు సెట్లు. ఒక్కో సెట్టుకి రెండేసి డబ్బాలు. రెండూ కలిపితేనే గట్టిపడుతుంది, విడిగా ఉంటే ఏళ్ల తరబడి జారుగానే ఉంటాయి. ఒక సెట్టు కింద పూతకి, రెండోది పై పూతకి. సీతారామారావు డబ్బాలన్నీ వరసగా పెట్టి, నడుం మీద చేతులేసుకుని ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"ఇవాళ్టితో ఇక్కడ కత్తిరింపులు బంద్. నేల పని మొదలు."

"ఎన్ని దినాలు సార్?" అంది శరణమ్మ.

"పని నాలుగు రోజులు."

"ఆమ్యాల మేము వచ్చి కూర్చోవచ్చా?"

"ఆ తర్వాత కారు ఉంటుంది" అన్నాడాయన. అందులో చర్చకి ఏమీ లేనట్టు లోపలికి వెళ్లిపోయాడు.

మారెక్క కత్తెర కింద పెట్టింది. "ఏందక్కా ఇది? యాడికి పోవాల మనం?"

అదే సమయానికి మూటలు తీసుకెళ్లడానికి హంపేశ్ వచ్చాడు. విషయం విని తల గోక్కున్నాడు. "సోమవారం పెద్ద లాట్ వస్తాంది అక్కా. సాయంత్రం నాలుగుకి ఆటో తెస్తా. జాగా ఉంటే నీకే దింపుతా. లేకుంటే కౌల్‌బజార్ వాళ్లు కాచుకోని ఉండారు. ఒకసారి వాళ్లకి పోతే మళ్లీ ఈ పక్కకి తిరగదు. బేజారు చేసుకోవద్దు."

బేజారు చేసుకోక ఏం చేస్తుంది? శివపార్వతికి ఆ పూట అన్నం సహించలేదు. కానీ ఆయనతో కాపురం చేసిన మనిషి కాబట్టి ఒక సంగతి తెలుసు. ఎదురు చెబితే బిగుసుకుంటాడు. పక్కన నిలబడి చెయ్యి అందిస్తే ఎక్కడో ఒకచోట కరుగుతాడు. "మనమూ పనిలోకి దిగుదాం. నేల బాగా వస్తే ఆయన మనసూ బాగుంటుంది. అప్పుడు అడుగుతాను" అంది వాళ్లిద్దరితో.

గురువారమంతా కడుగుడు. ఎపాక్సీ పట్టాలంటే నేల మీద నూనె మచ్చ ఉండకూడదు, దుమ్ము ఉండకూడదు, నున్నగా కూడా ఉండకూడదు. ఆసిడ్ నీళ్లు పోస్తే నేల బుసబుసమని పొంగింది. మారెక్క, శరణమ్మ కొంగులు ముక్కులకి కట్టుకుని కొబ్బరిపీచు బ్రష్షులతో తోమారు. ఆరేళ్ల జీన్స్ నీలం, మూడు నెలల ఇంజనాయిలు కలిసి కాలవలో నల్లగా పోయాయి. శివపార్వతి బకెట్ల మీద బకెట్లు నీళ్లు మోసింది. సీతారామారావు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, పెట్టెలో వచ్చిన పుస్తకం చదువుతూ, "ఆ మూల, ఆ మూల" అని వేలు చూపిస్తున్నాడు.

పక్కింటి గాదిలింగప్ప ప్రహరీ మీద గడ్డం ఆనించి ఇదంతా చూశాడు. నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసి మానేసిన మనిషి. ఇప్పుడు పక్కవాళ్ల పనులు చూడటమే పని.

"సీతారామప్పా, ఈ గచ్చుకి నీళ్లు ఎన్ని దినాలు కట్టాల?"

"దీనికి నీళ్లు కట్టకూడదు గాదిలింగప్పా. చుక్క తగలకూడదు."

గాదిలింగప్ప ప్రహరీ మీద నుంచి గడ్డం తీశాడు. "నీళ్లు తగలకూడదా! బళ్లారిలో సగం ఇండ్ల గచ్చులు నా చేతి మీద పడినాయి. నీళ్లు తాగకుండా నిలిచిన గచ్చు యాడా చూడలేదు. పిల్లోనికి పాలు పట్టకుండా పెంచుతాం అంటాండావే నువ్వు."

"ఇది సిమెంటు కాదు, కెమికల్."

"ఏదైనా కానీ. దాహం అంటూ ఒకటి ఉంటాది గదా" అని ఆయన లోపలికి పోయాడు.

శుక్రవారం ముహూర్తం. సీతారామారావుకి రాహుకాలం మీద నమ్మకం లేదు. కానీ 'నమ్మకం లేదు కదా అని ఎదురెళ్లడం దేనికి' అన్నది ఆయన సిద్ధాంతం. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం పడుతుంది. పదింపావు దాకా ఆయనకి చేతి తొడుగులు దొరకలేదు. అవి దొరికేసరికి రోలరు కర్రకి ఎక్కలేదు. గోడల అంచుకి అంటించాల్సిన టేపు ఇంకా చుట్టలాగే ఉంది. శివపార్వతి పళ్లెంలో హారతి వెలిగించి నిలబడింది.

"ఏమండీ, మధ్యాహ్నం పన్నెండు తర్వాత మొదలుపెడదాం. అన్నీ నింపాదిగా సర్దుకోవచ్చు" అంది.

"పన్నెండుకి ఎండ మండుతుంది. ఇప్పుడే మొదలైపోవాలి. ఒకసారి రాహుకాలానికి ముందు మొదలుపెట్టామంటే తర్వాత ఎంతసేపు చేసినా దోషం లేదు."

పది ఇరవైకి రెండు డబ్బాలూ బకెట్లో గుమ్మరించి, కర్రతో గిరగిరా తిప్పాడు. కొబ్బరికాయ కొట్టాడు. బ్రష్షు ముంచి ఈశాన్యం మూలన అరచేయంత మేర పూశాడు. గడియారం చూసుకున్నాడు. పది ఇరవై ఏడు. ఆయన మొహంలో నింగీ నేలా గెలిచిన నిండుతనం కనబడింది.

"ఇక ముహూర్తం మన చేతిలో ఉంది. నిదానంగా చేసుకుందాం" అని బకెట్టు గోడ పక్కన పెట్టాడు.

నిదానంగా టేపు అంటించాడు. ఒక గోడకి వంకర వస్తే పీకి మళ్లీ అంటించాడు. ఇంద్రసేనకి ఫోను చేసి "మొదలుపెట్టేశానప్పా, రాహుకాలానికి ముందే" అని చెప్పాడు. ఇంద్రసేన ఏదో అడిగితే దానికి జవాబు, ఆ జవాబుకి వివరం. శివపార్వతి పుస్తకం తిరగేసింది. అందులో ఉన్న ఇంగ్లీషు ఆమెకి రాదు కానీ బొమ్మలున్నాయి. ఒక బకెట్టు బొమ్మ, పక్కన గడియారం బొమ్మ, దాని కింద ఇరవై అయిదు అని అంకె. ఆమె గడియారం చూసేలోపే మారెక్క కేక పెట్టింది.

"అక్కా! బకెట్టు పొగ ఇడుస్తాంది!"

నిజంగానే బకెట్లోంచి సన్నగా పొగ లేస్తోంది. శరణమ్మ చెయ్యి పెట్టి చూడబోయి "అమ్మమ్మా" అని వెనక్కి లాక్కుంది. ప్లాస్టిక్ బకెట్టు ఒక పక్కకి మెత్తగా వాలిపోయింది. సీతారామారావు ఫోను జేబులో వేసుకుని ఉరికి వచ్చి, కలిపిన కర్రని పట్టుకుని పైకి లాగాడు. కర్రతో పాటు లోపలున్నదంతా ఒక్క గుండులా పైకి లేచింది, బకెట్టు కూడా.

ఆయన దాన్ని అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ప్రహరీ మీద గడ్డం మళ్లీ ప్రత్యక్షమైంది.

"చెప్తి గదా, దాహం అయింది దానికి" అన్నాడు గాదిలింగప్ప.

శివపార్వతికి నవ్వు, జాలి రెండూ వచ్చాయి. నవ్వితే సోమవారం సంగతి గంగలో కలుస్తుంది కాబట్టి వంటింట్లోకి వెళ్లి, చింతపండు పిసుకుతూ, గోడవైపు తిరిగి నవ్వుకుంది.

మిగిలింది ఒక్క సెట్టు. అంటే ఒక్కటే పూత. "ఒక్క పూత చాలు. పలచగా ఉంటేనే అందం" అని శనివారం పొద్దున సీతారామారావే తేల్చాడు. ఈసారి అన్నీ ముందే సర్దుకున్నాడు. శనివారం రాహుకాలం పదిన్నరకి దిగిపోతుంది. పది ముప్ఫై రెండుకి కలిపాడు, పది ముప్ఫై అయిదుకి లోపలి గోడ దగ్గర నేల మీద తీగలా పోశాడు, పొడుగు కర్ర రోలరుతో తొయ్యడం మొదలుపెట్టాడు. బూడిదరంగు చిక్కగా పరుచుకుంది. నాలుగు తోపులు తోశాడు. ఆ నాలుగూ బాగానే వచ్చాయి. అయిదోదానికి ఎక్కడి నుంచో ఒక ఈక ఎగిరొచ్చి తడి మీద వాలింది. దాన్ని తియ్యడానికి వంగాడు.

వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయాడు.

"పార్వతీ..." అన్నాడు నేలని చూస్తూనే. "పట్టేసింది."

శివపార్వతి, శరణమ్మ చెరో రెక్క పట్టుకుని, ఆ వంకరతోనే ఆయన్ని నడిపించుకుని వెళ్లి వరండాలో మంచం మీద పడుకోబెట్టారు. ఆమె వెనక్కి వచ్చేసరికి మారెక్క షెడ్డు గుమ్మంలో నిలబడి బకెట్టు వైపు చూస్తోంది. పొగ ఇంకా లేదు. కానీ నిమిషాలు పోతున్నాయి.

శివపార్వతి అడగలేదు, ఆయన చెప్పలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపింది. "మారెక్కా!"

మారెక్క రోలరు తీసుకుని, పొడుగు కర్రని విప్పి అవతల పారేసింది. "ఈ కట్టె ఎందుకక్కా? అలికేదే గదా ఇది. కూర్చోని అలకాల" అని గొంతుక్కూర్చుంది. శరణమ్మ బ్రష్షు పట్టుకుని గోడ అంచులు అందుకుంది. శివపార్వతి బకెట్టు వంచి వాళ్ల ముందు సన్నగా పోస్తూ, తానూ ఇంకో రోలరు పట్టి వెనక్కి జరిగింది.

మారెక్క చేతిలో రోలరు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చంద్రవంకలా తిరిగింది. ఒక్క వంక మీద ఇంకో వంక సగం ఎక్కుతూ వచ్చింది. పేడతో ఇల్లలికిన చెయ్యి అది. ఎక్కడ పలచనయిందో కన్నుకన్నా ముందు చేతికే తెలుస్తుంది. ముగ్గురూ ఒకే వరసలో వెనక్కి వెనక్కి వస్తున్నారు. ఎప్పుడూ మూతపడని నోళ్లు ఆ పావుగంటా మూతపడ్డాయి. చెమట కళ్లల్లోకి కారుతుంటే భుజానికి తుడుచుకుని మళ్లీ వంగారు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి బకెట్టు అడుగున మిగిలింది తేనెలా సాగుతోంది. దాన్ని గీకి, చివరి మూర మీద లాగి, ముగ్గురూ ఒక్కసారి గడప బయటికి దాటారు.

లోపల నేల లేదు. నీళ్లు నిలిచినట్టుంది. రేకుల కప్పు అందులో తలకిందులుగా కనిపిస్తోంది.

"అయ్యో, ఎంత బాగుండాదక్కా" అంది శరణమ్మ. తన చేత్తో చేసిన దాన్ని నమ్మలేనట్టు ఉంది ఆమె గొంతు. శివపార్వతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయ్యాక అంత సంతోషం వేసిన రోజులు ఆమె వేళ్ల మీద లెక్కపెట్టగలదు, ఇది అందులో ఒకటి.

"ఎలా వచ్చింది?" అని వరండాలోంచి కేక వినిపించింది.

ఆదివారం నాటికి సీతారామారావు లేచాడు. నడుముకి బెల్టు కట్టుకుని, చేతికర్ర పట్టుకుని షెడ్డు ముందు కుర్చీ వేయించుకున్నాడు. శనివారం సాయంత్రమే ఫోటో తీసి తెలిసిన వాళ్లందరికీ పంపించాడు కాబట్టి వీధిలో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసిపోతున్నారు. గాదిలింగప్ప కూడా ఈసారి ప్రహరీ వదిలి గేటులోంచే వచ్చాడు. ఒంగి, పక్కకి తల వాల్చి, మేస్త్రీ కన్నుతో మట్టం చూశాడు.

"గెలిచినావు సీతారామప్పా. మట్టం బాగా వచ్చింది. ఎవరు ఏసినారు?"

"ఎవరేంటి? నేనే వేశాను" అన్నాడు సీతారామారావు.

సోమవారం సంగతి తేల్చుకుందామని వచ్చిన మారెక్క, శరణమ్మ అక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. మారెక్క కొంగు నోట్లో కుక్కుకుంది. శివపార్వతి మొగుడి మొహంలోకి చూసింది. అక్కడ అబద్ధమాడుతున్న జాడే లేదు. సిరుగుప్ప దగ్గర, కోస్తా రైతులు వచ్చి స్థిరపడ్డ క్యాంపులో ఆయనకి వరి పొలం ఉండేది. ఆయన గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడితే కూలీ ఆడవాళ్లు రోజంతా బురదలో వంగి, వెనక్కి నడుస్తూ నాటేవాళ్లు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి "ఇవాళ మూడెకరాలు నాటేశాను" అనేవాడు. కాళ్లకి మట్టి అంటేది కాదు. అప్పట్లో ఆమెకి అది మామూలు మాటలాగే వినపడేది. ఇప్పుడు, మోకాళ్లు ఇంకా సలుపుతుండగా వింటే, ఒళ్లు మండింది.

అయినా మంట మింగి, చూడవచ్చినవాళ్లంతా వెళ్లాక అడిగింది. "ఏమండీ, ఒక్కరోజు ఆరితే నడవొచ్చని బొమ్మ వేశారు. రేపటి నుంచి మేం పగలు కూర్చుంటాం. హంపేశ్ మూటలు తెస్తాడు."

"ఇక్కడా? జీన్సా?" ఆయన కర్ర నేలకి తాటించాడు. "ఆ నీలం దీనికి పట్టిందంటే ఏం గాను? నడుం విరిగేలా చేసుకున్న నేల ఇది. దీని మీద ఎవరు కాలు పెట్టాలో నేను చెప్తాను. రేపు ఇంద్రసేనని తీసుకొస్తున్నాను, కారు లోపలికి పెట్టి చూపించాలి."

"రేపేనా?" శివపార్వతి పుస్తకం తెచ్చి బొమ్మలు చూపించింది. పాదం బొమ్మ కింద ఇరవై నాలుగు. కారు బొమ్మ కింద ఏడు. "బండికి ఏడు రోజులట."

సీతారామారావు ఆమె అమాయకత్వానికి నవ్వాడు. "ఏడు రోజులన్నది చల్లటి ఊళ్లకి. మే నెలలో బళ్లారి ఎండకి వడియాలు గంటలో ఎండుతాయి. ఇక్కడ రెండు రోజులంటే అక్కడ పది రోజుల లెక్క."

"వడియాలు వేరు, ఇది వేరండీ."

"ఎండ ఒకటే కదా!"

చెప్పాల్సింది చెప్పింది. ఇంకోసారి చెప్పబుద్ధి కాలేదు. గేటు బయట వేపచెట్టు కింద మారెక్క, శరణమ్మ నిలబడి ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి ఏం చెప్పాలో తెలియక, "రేపు నాలుగింటికి రండి, హంపేశ్‌తో నేనే మాట్లాడతాను" అంది. ఏం మాట్లాడుతుందో ఆమెకే తెలీదు.

సోమవారం పొద్దున్నే సీతారామారావు సండూరు వెళ్లి, రెండు గంటలకల్లా ఇంద్రసేనని ఎక్కించుకుని వచ్చాడు. ఖనిజం లారీల వెనక, కాగిన రోడ్డు మీద నడిచి నడిచి కారు టైర్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. ఆయన హారన్ కొట్టి, గేటు తీయించి, ఊరేగింపులో దేవుణ్ణి దింపుతున్నంత మెల్లగా కారుని షెడ్డులోకి పోనిచ్చాడు. కారు కింద ఇంకో కారు తలకిందులుగా కనిపించింది.

"భళే అప్పా!" అన్నాడు ఇంద్రసేన. "నాకు బెంగళూరు నుంచి మనుషులు వచ్చి ఏసిపోయినారు. నువ్వు సొంతంగా ఏసుకుంటివి చూడు!"

"ఏముందప్పా, కొంచెం ఓపిక ఉండాలి" అన్నాడు సీతారామారావు.

భోజనాలయ్యాయి. ఇద్దరూ హాల్లో కునికిపాట్లు పడ్డారు. నాలుగింటికి హంపేశ్ ఆటో గేటు ముందు ఆగింది. మూటలు కప్పు దాకా ఉన్నాయి. మారెక్క, శరణమ్మ అప్పటికే వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. హంపేశ్ ఆటో దిగకుండానే "ఏమక్కా, జాగా చూసినావా?" అన్నాడు. శివపార్వతి "ఒక్క అయిదు నిమిషాలుండప్పా" అంది. ఆ అయిదు నిమిషాల్లో ఏ దేవుడు దిగొస్తాడో ఆమెకి తెలియదు.

ఇంద్రసేనని తిరిగి దింపడానికి సీతారామారావు కారెక్కాడు. ప్రహరీ మీద గాదిలింగప్ప ఉండనే ఉన్నాడు. కారు స్టార్టయింది, వెనక్కి కదిలింది. చర్‌ర్‌ర్‌మని కొత్త చీర చింపినట్టు చప్పుడైంది.

కారు బయటికొచ్చి ఆగింది. నాలుగు టైర్లకీ బూడిదరంగు తోలు అంటుకుని వేలాడుతోంది. లోపల అద్దం లాంటి నేల మీద, నాలుగు టైర్లు నిలిచిన చోట నాలుగు మచ్చలు, పాత సిమెంటు బయటపడి కనిపిస్తోంది.

గాదిలింగప్ప నోరు తెరవబోయి, మర్యాదకి మూసుకున్నాడు. ఇంద్రసేన కారు దిగి ఒక మచ్చ దగ్గర కూర్చుని, గోటితో అంచు లేపి చూశాడు.

"ఏంది సీతారామప్పా ఇది? అరటిపండు తొక్క వచ్చినట్ల వస్తాంది. నువ్వే ఏసినావంటివి గదా?"

సీతారామారావు మచ్చలని చూశాడు. ఇంద్రసేనని చూశాడు. ప్రహరీ మీద గడ్డాన్ని, ఆటోలోంచి తొంగి చూస్తున్న హంపేశ్‌ని చూశాడు. ఆయన మొహం ఎర్రబడి, తెల్లబడి, ఒక నిశ్చయానికొచ్చింది.

"నేనెక్కడ వేశానప్పా? శనివారం నాకు నడుం పట్టేస్తే వరండాలో పడున్నాను. వేసింది వీళ్లు, ఈ ఆడవాళ్లు. ఆ మూల నుంచి గడప దాకా అంతా వీళ్లే. పని తెలీని వాళ్ల చేతిలో పెడితే ఇట్లాగే అఘోరిస్తుంది!"

మారెక్క గబుక్కున లేచి నిలబడింది. "ఏంది సార్, నిన్న..." అంది. శరణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

శివపార్వతికి మొదట కోపం నషాళానికి అంటింది. తర్వాత, ఆ కోపం నడుమనే, ఆయన అన్న మాట ఏమిటో అర్థమైంది. నిన్నటి నుంచీ ఆ మాట కోసమే కదా తను పళ్లు బిగబట్టి చూసింది! తిట్టులా వస్తే ఏం, దీవెనలా వస్తే ఏం, వచ్చింది. నలుగురి ముందు వచ్చింది.

"గాదిలింగప్పన్నా, విన్నావు కదా?" అంది. "ఇంద్రసేనన్నా, మీరూ విన్నారు. ఆయన అన్నది నిజం. ఆ మూల నుంచి గడప దాకా మేం ముగ్గురమే వేశాం."

"అట్లనా?" అన్నాడు గాదిలింగప్ప, ప్రహరీ మీద ఇంకా పైకి లేస్తూ.

"అట్లనే. ఆ నాలుగు మచ్చలూ మావే. మచ్చ లేనిదంతా కూడా మాదే." ఆమె గేటు వైపు తిరిగింది. "హంపేశ్, మూటలు దింపప్పా. లోపల గోడ వారగా పెట్టు. మేం వేసిన నేల మీద మేమే కూర్చుంటాం."

"పార్వతీ, అది నా..." అని మొదలుపెట్టాడు సీతారామారావు.

అందరూ ఆయన వైపు తిరిగారు. నా నేల అంటే నా మచ్చలు అనాలి. ఇంద్రసేన ఇంకా చేతిలో ఆ తోలుముక్క పట్టుకునే ఉన్నాడు. సీతారామారావు నోరు తెరిచినట్టే తెరిచి, గాలి మింగి, మూశాడు.

హంపేశ్‌కి పెద్దవాళ్ల గొడవతో పని లేదు. మొదటి మూట భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. మారెక్క "యామారి జారి పడేవు, మెల్లగ" అని వెనకాలే వెళ్లింది. ఇంద్రసేన తోలుముక్కని జాగ్రత్తగా ప్రహరీ మీద పెట్టి, "నువ్వు ముందు టైర్లు గీక్కో సీతారామప్పా. నేను బస్సుకి పోతా" అన్నాడు.

బస్‌స్టాండుకి ఆటోలో సాగనంపి సీతారామారావు తిరిగొచ్చేసరికి ఎండ తగ్గింది. కారుని వేపచెట్టు కింద పెట్టి, పాత కత్తి తీసుకుని నాలుగు టైర్లూ గీకాడు. గీకుతున్నంతసేపూ షెడ్డులోంచి టిక్కు టిక్కుమని కత్తెరలు, మధ్యమధ్య నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. ఒకసారి ఆ నవ్వు మరీ పెద్దదైంది. అది తన గురించేనని ఆయనకి అనుమానం కలిగింది. ఆ అనుమానం నిజమే.

చేతులు కడుక్కుని వచ్చి షెడ్డు గడప ముందు నిలబడ్డాడు. ముగ్గురూ కాళ్లు చాపుకుని కూర్చున్నారు. వాళ్ల చుట్టూ నీలం ప్యాంట్లు గుట్టలుగా ఉన్నాయి. మెరిసే నేల వెలుతురుని పైకి చిమ్ముతుంటే, నల్లప్యాంటు మీద నల్లదారం కూడా శరణమ్మకి ఇట్టే దొరుకుతోంది. ఎవరూ తలెత్తలేదు. ఆయన ఒక కాలు ఎత్తి, గడప మీద పెట్టబోయి, మళ్లీ కిందికి దించాడు.

"లోపలికి రావచ్చా?" అన్నాడు.

శివపార్వతి చేతిలో కత్తెర ఆగింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన ఏ గుమ్మం దగ్గరా ఆ మాట అడగలేదు. ఆమెకి ఒక్కసారి ఆయన మీద జాలి, దాని వెనకే ప్రేమ కూడా పుట్టుకొచ్చాయి. రెండూ బయటికి కనపడనివ్వలేదు.

"రండి" అంది. "ప్యాంట్లు తొక్కకుండా, అంచున నడవండి."